చూపు బాగున్నా కన్ను చూపించుకోవాలి: టైప్ 1 మధుమేహం, రెటీనా జబ్బుపై పాఠకుల ప్రశ్నలు

చిన్నపిల్లల మధుమేహం గురించి గత సంచికలో రాసిన తరువాత విజయవాడ, గుంటూరు ప్రాంతాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో ఎక్కువ భాగం కళ్ళ గురించే ఉన్నాయి. పెద్దవయసులో వచ్చే షుగర్ గురించి మన ఇళ్ళల్లో అందరికీ ఎంతో కొంత తెలుసు. చిన్నతనంలోనే మొదలై, తొలిరోజు నుంచీ ఇన్సులిన్ మీదే ఆధారపడవలసిన టైప్ 1 మధుమేహం కంటి లోపలి తెర అయిన రెటీనాను ఎలా దెబ్బతీస్తుందో తెలిసినవారు మాత్రం చాలా తక్కువ. అందుకే ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఉత్తరాలకే కేటాయించాను. రాసినవారి పేర్లు ప్రచురించడం లేదు.

ప్రశ్న: మా అమ్మాయికి 16 ఏళ్ళు. తొమ్మిదో ఏట టైప్ 1 మధుమేహం బయటపడింది. ఇప్పుడు విజయవాడలో హాస్టల్లో ఉండి ఇంటర్ మొదటి సంవత్సరం చదువుతోంది. కంటి డాక్టరు దగ్గర బోర్డు మీది చివరి వరుస కూడా తడుముకోకుండా చదివేస్తుంది. బడిలో ఉన్నప్పుడు జరిగిన కంటి వెలుగు పరీక్షలోనూ కళ్ళు బాగున్నాయనే చెప్పారు. అయినా షుగర్ డాక్టరు గారు రెటీనా పరీక్ష చేయించమని రాసిచ్చారు. చూపు ఇంత బాగున్నప్పుడు చుక్కల మందు వేసి పరీక్ష చేయించడం అవసరమా? ఇంత చిన్న వయసులో ఆ జబ్బు వస్తుందా? నా పెంపకంలో లోపం వల్లే ఇదంతా జరుగుతోందేమోనని రాత్రిళ్ళు నిద్ర పట్టడం లేదు. (ఒక తల్లి, బ్రాడీపేట, గుంటూరు)

జవాబు: అమ్మా, ముందుగా మీ చివరి మాటకు సమాధానం చెబుతాను. శరీరాన్ని కాపాడవలసిన రక్షణ వ్యవస్థే క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే కణాలను నాశనం చేయడం వల్ల టైప్ 1 మధుమేహం వస్తుంది. మీరు పెట్టిన తిండి వల్ల గానీ, పెట్టని తిండి వల్ల గానీ అది రాలేదు. ఏడేళ్ళుగా ప్రతి పూటా సూది వేసి, రాత్రివేళ లేచి షుగర్ చూసి, బిడ్డను ఇంటర్ దాకా తీసుకువచ్చిన తల్లి తనను తాను నిందించుకోవలసిన పని లేదు.

ఇక పరీక్ష సంగతి. బోర్డు మీది అక్షరాలు చదవడానికి మనం ప్రధానంగా వాడుకునేది రెటీనా నడిమధ్యన ఉండే మాక్యులా అనే చిన్న భాగాన్ని. మధుమేహం వల్ల కలిగే మార్పులు తరచుగా ఆ భాగానికి అవతలే మొదలవుతాయి. సన్నని రక్తనాళాల గోడలు బలహీనపడి అక్కడక్కడ సూదిమొనంత ఎర్రటి బుడిపెలు ఏర్పడతాయి. తరువాత వాటి నుంచి రక్తం చిమ్ముతుంది, కొవ్వుతో కూడిన ద్రవం ఊరి పసుపుపచ్చని మచ్చలుగా గట్టిపడుతుంది. ఇంత జరుగుతున్నా నొప్పి ఉండదు, ఎరుపు ఉండదు, అక్షరాలు మసకబారవు. రెటీనాలో ప్రమాదకరమైన కొత్త నాళాలు పుట్టిన తరువాత కూడా చివరి వరుస చదివేసి, "నాకేం లేదు డాక్టరు గారూ" అని కుర్చీలోంచి లేవబోయిన యువతీయువకులను నేను చూశాను. బడిలో చేసే పరీక్షలు అద్దాలు అవసరమైన పిల్లలను గుర్తించడానికి ఎంతో ఉపయోగపడతాయి. కానీ కంటిపాపను పెద్దది చేసి లోపలి తెరను చూడడం ఆ పరీక్షల ఉద్దేశం కాదు. కాబట్టి ఆనాటి ఫలితాన్ని బట్టి ఇప్పుడు ధీమాగా ఉండకూడదు.

మధుమేహం వచ్చిన తొలి సంవత్సరాల్లో, యుక్తవయసుకు ముందు రెటీనా జబ్బు అరుదు. ఆ తరువాత శరీరంలో వచ్చే మార్పుల వల్ల షుగర్ అదుపు తప్పడం, జబ్బు కాలం పెరగడం రెండూ ఒకేసారి కలిసి వస్తాయి. అందుకే 11 ఏళ్ళు నిండిన తరువాత గానీ, అంతకంటే ముందే యుక్తవయసు లక్షణాలు మొదలైతే అప్పటి నుంచి గానీ, మధుమేహం వచ్చి మూడు నుంచి ఐదేళ్ళు గడిచిన పిల్లలకు మొదటి రెటీనా పరీక్ష చేయించాలన్నది వైద్యులు పాటించే నియమం. పెద్దవారిలో టైప్ 1 వస్తే ఐదేళ్ళ లోపు చేయించాలి. మీ అమ్మాయికి ఏడేళ్ళు గడిచాయి కాబట్టి ఇక ఆలస్యం చేయకండి. మొదటి పరీక్షలో ఏమీ లేకపోతే, షుగర్ కూడా అదుపులో ఉంటే, తరువాతి పరీక్ష ఏడాదికో రెండేళ్ళకో అన్నది మీ వైద్యుడు నిర్ణయిస్తారు. హాస్టల్లో ఉండే పిల్లలకు ఏడాదికొకసారి అని పెట్టుకోవడమే మంచిదని నా అభిప్రాయం. పుట్టినరోజు నెలలోనో, దసరా సెలవుల్లోనో అని ఒక గడువు పెట్టుకుంటే మరచిపోరు.

పరీక్ష ఎలా ఉంటుందో అమ్మాయికి ముందే చెప్పండి. చుక్కల మందు ఒకటి రెండు నిమిషాలు మండుతుంది. అరగంటలో కంటిపాప పెద్దదవుతుంది. గడ్డం ఆనించి కూర్చుంటే డాక్టరు వెలుగు వేసి లోపలికి చూస్తారు, కెమెరాతో రెటీనా ఫోటో కూడా తీస్తారు. ఆ ఫోటోను తెర మీద అమ్మాయికి చూపించమని అడగండి. నారింజ రంగు నేల మీద కొమ్మలుగా చీలిన తన రక్తనాళాలను తానే చూసుకున్న పిల్లలు ఇన్సులిన్ మానేయడానికి అంత తేలికగా ఒప్పుకోరు. ఆ తరువాత నాలుగు నుంచి ఆరు గంటల పాటు దగ్గరి అక్షరాలు మసకగా కనిపిస్తాయి, ఎండ కళ్ళలో గుచ్చుకుంటుంది. కాబట్టి మర్నాడు వారాంతపు పరీక్ష లేని రోజు చూసుకోండి.

హాస్టల్ గురించి మరొక మాట. తెరవని ఇన్సులిన్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. వాడుకలో ఉన్న సీసా గానీ పెన్ను గానీ గది వాతావరణంలో సాధారణంగా 28 రోజుల వరకు పనిచేస్తుంది, అయితే ఆ గది 30 డిగ్రీలు దాటకూడదు. విజయవాడలో మే నెల గది గురించి మీకు నేను చెప్పనక్కరలేదు. పెట్టెలో బట్టల మధ్య దాచిన ఇన్సులిన్ వేడికి బలం కోల్పోతే, అమ్మాయి క్రమం తప్పకుండా సూది వేసుకుంటున్నా షుగర్ తగ్గదు. ఆ నిందేమో ఆమె తిండి మీద పడుతుంది. వార్డెన్ గదిలోని ఫ్రిజ్‌లో ఒక డబ్బాకు చోటు అడగండి. అది కుదరకపోతే ఇసుక, నీళ్ళు పోసిన పెద్ద కుండలో చిన్న కుండ ఉంచి, అందులో ఇన్సులిన్ పెట్టుకునే పాత పద్ధతి ఇప్పటికీ మేలైనదే. డీప్ ఫ్రిజ్‌లో మాత్రం పెట్టకూడదు, ఒక్కసారి గడ్డకట్టిన ఇన్సులిన్ ఇక పనికిరాదు. మధుమేహం ఉన్న విద్యార్థికి వేళకు భోజనం పెట్టడం, తరగతి మధ్యలో షుగర్ చూసుకోనివ్వడం, ఏడాదిలో ఒక రోజు కంటి పరీక్షకు సెలవివ్వడం ఏ కళాశాలకూ భారం కాకూడదు. ఈ మాట ప్రిన్సిపాల్ గారికి లిఖితపూర్వకంగా ఇవ్వండి, డాక్టరు చీటీ జతచేయండి.

ప్రశ్న: నాకు 27 ఏళ్ళు, టైప్ 1 వచ్చి 18 ఏళ్ళయింది. చాలాకాలం నిర్లక్ష్యం చేశాను. ఏడాది క్రితం హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్‌ను చెప్పే రక్తపరీక్ష) 11 పైన ఉండేది. కొత్త డాక్టరు గారు రోజుకు నాలుగు సూదుల పద్ధతి పెట్టి, ఆరు నెలల్లో దాన్ని 7.2కు తెచ్చారు. అందరూ మెచ్చుకున్నారు. ఇప్పుడు రెటీనా డాక్టరేమో జబ్బు మునుపటికంటే పెరిగిందంటున్నారు. షుగర్ తగ్గించడం వల్లే కళ్ళు చెడ్డాయా? మళ్ళీ కొంచెం పెరగనివ్వాలా? (ఒక మెకానిక్, ఆటోనగర్, విజయవాడ)

జవాబు: బాబూ, మీ ఉత్తరం చదివి బాధ కలిగింది. ఇది ముందే చెప్పి ఉంటే మీరింత దిగులుపడేవారు కాదు. ఎంతోకాలం ఎక్కువగా ఉన్న షుగర్‌ను కొద్ది నెలల్లో బాగా తగ్గించినప్పుడు, అప్పటికే రెటీనాలో మార్పులున్న కొందరికి జబ్బు తాత్కాలికంగా ముదరడం వైద్యులకు తెలిసిన విషయమే. టైప్ 1 మధుమేహం మీద అమెరికా, కెనడాల్లో 1983 నుంచి 1993 వరకు 1441 మందితో జరిగిన డీసీసీటీ అనే పెద్ద అధ్యయనంలో ఇది స్పష్టంగా కనిపించింది. షుగర్‌ను గట్టిగా అదుపు చేసిన వర్గంలో మొదటి ఏడాదిలో ఇలా ముదిరినవారు 100కు దాదాపు 13 మంది. పాత పద్ధతిలోనే ఉన్న వర్గంలో దాదాపు 8 మంది.

అయితే ఆ అధ్యయనం అక్కడితో ఆగలేదు. సగటున ఆరున్నరేళ్ళు గడిచేసరికి లెక్క పూర్తిగా తిరగబడింది. గట్టి అదుపులో ఉన్నవారి హెచ్‌బీఏ1సీ 7 దగ్గర, మిగిలినవారిది 9 దగ్గర ఉండేది. మొదట్లో రెటీనా జబ్బు లేనివారికి అది కొత్తగా వచ్చే అవకాశం గట్టి అదుపు వల్ల 76 శాతం తగ్గింది. అప్పటికే కొద్దిగా ఉన్నవారిలో అది ముదిరే అవకాశం 54 శాతం తగ్గింది. మొదట్లో ముదిరినవారిలో కూడా ఎక్కువమంది చివరికి పాత పద్ధతిలో ఉన్నవారికంటే మెరుగ్గానే ఉన్నారు. అధ్యయనం ముగిశాక రెండు వర్గాల షుగర్ ఇంచుమించు సమానమైపోయినా, తొలి ఏళ్ళలో బాగా అదుపు చేసుకున్నవారి కళ్ళకు ఆ మేలు ఎన్నో ఏళ్ళు నిలిచింది. అంతకు ముందు 1980ల్లో అమెరికాలోని విస్కాన్సిన్ రాష్ట్రంలో చేసిన పరిశీలనలో, చిన్నవయసులో మధుమేహం వచ్చి 20 ఏళ్ళు దాటినవారిలో దాదాపు అందరికీ ఏదో ఒక స్థాయి రెటీనా జబ్బు కనిపించింది. అంటే ఇన్సులిన్‌ను జాగ్రత్తగా వాడుకోవడం నేర్చిన తరువాతే టైప్ 1 ఉన్నవారి చూపుకు నిజమైన రక్షణ దొరికింది.

కాబట్టి షుగర్‌ను మళ్ళీ పెరగనివ్వకండి. సాధించినది నిలబెట్టుకుంటూ, రెటీనా నిలకడగా ఉందని తేలేవరకు మీ డాక్టరు చెప్పిన వ్యవధిలో, సాధారణంగా మూడు నెలలకొకసారి, పరీక్ష చేయించుకోండి. అవసరమైతే లేజర్ గానీ ఇంజెక్షన్ గానీ సకాలంలో ఇస్తారు. షుగర్ తగ్గించే క్రమంలో అది 70 కంటే దిగువకు పదేపదే పడిపోకుండా కూడా చూసుకోండి. మీ పనిలో యంత్రాల మధ్య కళ్ళు తిరిగి పడితే కలిగే ప్రమాదం చిన్నది కాదు. ఎంతోకాలం షుగర్ ఎక్కువగా ఉండి, ఇప్పుడు కొత్త చికిత్సకో, ఇన్సులిన్ పంపుకో మారబోతున్న పాఠకులందరికీ నా విన్నపం ఒకటే. మార్పు మొదలుపెట్టేముందు రెటీనా చూపించుకోండి. ఈ సంగతి ముందే ఎవరూ చెప్పకపోవడం వల్లే ఈ యువకుడు తన శ్రమనే తప్పుగా అనుకోవలసి వచ్చింది.

ప్రశ్న: నాకు 24 ఏళ్ళు, పదో ఏట నుంచి ఇన్సులిన్ తీసుకుంటున్నాను. ఇప్పుడు మూడో నెల. కడుపుతో ఉన్నప్పుడు కళ్ళలో మందు వేయించుకోకూడదని, కాన్పు అయ్యాక చూసుకోవచ్చని అత్తగారు అంటున్నారు. (ఒక పాఠకురాలు, మంగళగిరి)

జవాబు: అమ్మా, అత్తగారి మాటలో ఉన్న ఆపేక్ష నాకు అర్థమవుతుంది. కానీ ఈ విషయంలో ఆగడమే ప్రమాదం. అప్పటికే మధుమేహం ఉన్న స్త్రీలలో గర్భధారణ సమయంలో రెటీనా జబ్బు వేగంగా పెరగవచ్చు. నిజానికి బిడ్డ కోసం అనుకున్నప్పుడే ఒకసారి చూపించుకోవాలి. అది జరగకపోతే మొదటి మూడు నెలల్లోనే చూపించుకోవాలి. తరువాత జబ్బు స్థాయిని బట్టి ప్రతి మూడు నెలలకు, కాన్పు తరువాత ఏడాది వరకు ఈ పరిశీలన సాగాలి. కంటిపాపను పెద్దది చేసే చుక్కలను గర్భిణులకు అవసరమైనప్పుడు వాడతారు. చుక్క వేసిన వెంటనే కళ్ళు మూసుకుని, ముక్కు పక్కన కంటి మూలను ఒకటి రెండు నిమిషాలు వేలితో నొక్కి ఉంచితే మందు ఒంట్లోకి వెళ్ళడం బాగా తగ్గుతుంది. గర్భం సంగతి డాక్టరుకు ముందే చెప్పండి. అప్పుడు చేతి నరానికి రంగు మందు ఎక్కించి తీసే యాంజియోగ్రామ్‌ను సాధారణంగా మానుకుంటారు, కంటిలోపలి ఇంజెక్షన్లను కూడా వీలైనంతవరకు వాడరు. చికిత్స అవసరమైతే లేజర్ నిశ్చింతగా చేయించుకోవచ్చు. రక్తపోటును కూడా ప్రతిసారీ చూపించుకోండి, అది పెరిగితే రెటీనాకు రెండింతల భారం. గర్భధారణలో మాత్రమే వచ్చి కాన్పుతో తగ్గిపోయే షుగర్ ఉన్న తల్లులకు ఈ నియమం వర్తించదు.

ప్రశ్న: మా అన్నయ్యకు 34 ఏళ్ళు. పన్నెండో ఏట నుంచి ఇన్సులిన్ మీదే ఉన్నాడు. గుంటూరు మిర్చి యార్డులో హమాలీ. నెల క్రితం కుడికంట్లో నల్లటి సాలెగూడు తేలుతున్నట్టు కనిపించింది. రెటీనాలో కొత్త రక్తనాళాలు పుట్టి చిట్లాయని, లేజర్ చేయాలని, ఇంజెక్షన్లు కూడా కావాలేమోనని చెప్పారు. లేజర్ చేయించుకున్న మా బంధువు ఒకాయనకు చూపు పోయింది. అది చూసి భయపడి అన్నయ్య మళ్ళీ యార్డుకే వెళ్తున్నాడు. మిరప ధూళి వల్లే అలా అయిందని అంటున్నాడు. (ఒక తమ్ముడు, గుంటూరు)

జవాబు: మిరప ధూళి కంటి పైభాగాన్ని మండిస్తుంది, ఎర్రబరుస్తుంది, నీళ్ళు కారేలా చేస్తుంది. సాలెగూడులా తేలేది కంటి లోపలి జిగురు పదార్థంలోకి చిమ్మిన రక్తం. దానికీ ధూళికీ సంబంధం లేదు.

కాలువ చివరి పొలాలకు నీరు అందనప్పుడు రైతులు ఎవరికి తోచిన చోట వారు గండి కొట్టి పిల్లకాలువలు తవ్వుకుంటారు, వాటికి గట్లు సరిగా ఉండవు కాబట్టి తెగి ఊరిమీద పడతాయి. రెటీనాలో జరిగేదీ ఇదే. ఏళ్ళ తరబడి ఉన్న షుగర్ వల్ల సన్నని నాళాలు మూసుకుపోయి, అంచుల్లోని రెటీనాకు రక్తం అందదు. ఆకలిగొన్న ఆ భాగం వీఈజీఎఫ్ అనే రసాయనాన్ని విడుదల చేస్తుంది. దాని ప్రేరణతో కొత్త నాళాలు పుడతాయి. వాటి గోడలు బలహీనం కాబట్టి చిట్లి రక్తం కారుతుంది. వాటితోపాటు పెరిగే నారపొర రెటీనాను లాగి ఊడదీస్తుంది కూడా. లేజర్‌తో అంచుల్లోని రెటీనా మీద వందలాది చిన్న చిన్న వాతలు పెడతారు. ఆ భాగానికి రక్తం అవసరం తగ్గితే రసాయనం తగ్గుతుంది, కొత్త నాళాలు ఎండిపోతాయి. మధ్యనున్న చూపును కాపాడడానికి అంచులను కొంత వదులుకోవడం అన్నమాట. 1970ల్లో అమెరికాలో జరిగిన అధ్యయనంలో ఈ చికిత్స తీవ్రమైన చూపు నష్టాన్ని సగానికి పైగా తగ్గించిందని తేలింది. ఈనాటికీ అది నమ్మదగిన చికిత్సే.

మీ బంధువు విషయంలో ఏం జరిగిందో ఆయన కన్ను చూడకుండా చెప్పలేను. కానీ లేజర్ పోయిన చూపును తిరిగి తెచ్చేది కాదు, ఉన్నదాన్ని నిలిపేది. జబ్బు బాగా ముదిరాక చేయించుకున్నవారిలో కొందరికి, లేజర్ చేసినా జబ్బు ఆగక చూపు పోతుంది. చూసేవారికి లేజర్ వల్లే పోయినట్టు అనిపిస్తుంది. లేజర్ వల్ల రాత్రి చూపు, పక్క చూపు కొంత తగ్గవచ్చు, ఆ మాట దాచకూడదు. ఆస్పత్రిలో ఉండనవసరం లేదు, కంటికి మొద్దుబారే చుక్కలు వేసి కొన్ని దఫాలుగా చేస్తారు.

ఇంజెక్షన్ విషయానికి వస్తే, బెవాసిజుమాబ్, రానిబిజుమాబ్, అఫ్లిబర్సెప్ట్ వంటి మందులు వీఈజీఎఫ్‌ను అడ్డుకుంటాయి. మాక్యులాలో నీరు చేరి చూపు మసకబారినవారికి అవి ఎంతో మేలు చేస్తాయి. కన్ను మొద్దుబారాక తెల్లగుడ్డులో సన్నని సూదితో క్షణంలో వేస్తారు. కానీ మందు ప్రభావం కొన్ని వారాలే ఉంటుంది. మొదట్లో ప్రతి నెలా రావాలి. ఇంజెక్షన్ల మీదే ఆధారపడి, మధ్యలో నెలల తరబడి రాకుండాపోయినవారి కళ్ళు లేజర్ చేయించుకున్నవారికంటే ఎక్కువగా చెడిపోయిన సందర్భాలు ఉన్నాయి. మిర్చి సీజన్లో కూలి వదులుకుని నెలనెలా రావడం మీ అన్నయ్యకు సాధ్యమా అని ఇంట్లో నిజాయితీగా ఆలోచించండి. సాధ్యం కాదనిపిస్తే ఆ మాట సిగ్గుపడకుండా డాక్టరుకు చెప్పండి. అటువంటివారికి లేజర్‌నే ముందు పూర్తి చేయడం మంచిదని నేను భావిస్తాను.

చికిత్స పూర్తయి డాక్టరు సరేననేవరకు టిక్కీలు (మిర్చి బస్తాలు) మోయించకండి. ఊపిరి బిగబట్టి 40 కిలోల పైచిలుకు బరువు ఎత్తినప్పుడు ఒత్తిడికి ఆ నాళాలు మళ్ళీ చిట్లవచ్చు. రాత్రి తల ఎత్తుగా పెట్టుకుని పడుకుంటే రక్తం కిందికి దిగుతుంది. దానంతట అది తగ్గకపోతే, లేదా రెటీనా లాగబడుతుంటే, కంటి లోపలి ఆ రక్తాన్ని, జిగురు పదార్థాన్ని తీసివేసే విట్రెక్టమీ అనే ఆపరేషన్ ఉంది. హఠాత్తుగా నల్లని చుక్కలు వర్షంలా కురిసినా, ఒక పక్క నుంచి తెర దించినట్టు చూపు మూసుకుపోయినా ఆ రోజే ఆస్పత్రికి తీసుకువెళ్ళండి. రెటీనా ఈ స్థితిలో ఉన్నప్పుడు మూత్రపిండాలను కూడా చూడాలి, మూత్రంలో ఆల్బుమిన్ పరీక్ష, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష, రక్తపోటు తప్పనిసరి. పొగ తాగే అలవాటుంటే దాన్ని మాన్పించండి. ఖర్చు గురించి ఆస్పత్రిలోని ఆరోగ్యమిత్రను ముందే అడిగి తెలుసుకోండి.

ప్రశ్న: నాకు టైప్ 1 ఉందని తెలిసి నెల రోజులైంది. ఇన్సులిన్ మొదలుపెట్టాక దగ్గరి అక్షరాలు మసకగా ఉన్నాయి. కంటద్దాల దుకాణంలో కొత్త పవర్ ఇచ్చారు. తేనె చుక్కలు వేసుకోమని కూడా ఒకరు చెప్పారు. (ఒక డిగ్రీ విద్యార్థి, వన్‌టౌన్, విజయవాడ)

జవాబు: ఇది రెటీనా జబ్బు కాదు, కంగారు పడకండి. షుగర్ మారినప్పుడు కంటిలోని కటకంలో నీటి శాతం మారి పవర్ తాత్కాలికంగా అటూ ఇటూ అవుతుంది. కొన్ని వారాల్లో సర్దుకుంటుంది. అప్పటిదాకా అద్దాలకు డబ్బు పెట్టకండి. తేనె గానీ, ఆముదం గానీ, మరే ఇంటి మందు గానీ కంటిలో వేయకండి. రెటీనా మొదటి పరీక్షకు మీకు వ్యవధి ఉంది, కానీ ఐదేళ్ళు దాటనివ్వవద్దు.

ప్రశ్న: పరీక్షకు ఎక్కడికి వెళ్ళాలి? ఏమేమి తీసుకువెళ్ళాలి? (పలువురు పాఠకులు)

జవాబు: గుంటూరు ప్రభుత్వ సమగ్ర ఆస్పత్రిలో కంటి విభాగం ఉంది. పెదకాకానిలో శంకర కంటి ఆస్పత్రి, విజయవాడ తాడిగడపలో ఎల్.వి.ప్రసాద్ నేత్ర వైద్య సంస్థ ఉన్నాయి. మీకు దగ్గరలోని రెటీనా నిపుణుల దగ్గరికైనా వెళ్ళవచ్చు. ఇటీవలి హెచ్‌బీఏ1సీ, రక్తపోటు, మూత్రపిండాల పరీక్షల కాగితాలు, వాడుతున్న ఇన్సులిన్ వివరాలు, పాత కంటి ఫోటోలు ఉంటే అవి కూడా పట్టుకెళ్ళండి. ఆస్పత్రిలో చాలాసేపు కూర్చోవలసి రావచ్చు కాబట్టి షుగర్ మీటరు, ఇన్సులిన్, వేళకు తినడానికి టిఫిన్, షుగర్ పడిపోతే నోట్లో వేసుకోవడానికి గ్లూకోజు దగ్గర ఉంచుకోండి. బండి మీద వెళ్ళకుండా ఎవరినైనా తోడు తీసుకుని బస్సులోనో ఆటోలోనో వెళ్ళండి, ఎండకు నల్లద్దాలు పెట్టుకోండి. ఆస్పత్రి నుంచి తిరిగి బయలుదేరేముందు కొత్త ఫోటోల ప్రతిని అడిగి తీసుకోండి, తరువాతి పరీక్ష తేదీని చీటీ మీద రాయించుకోండి.